ఎవరి ఓట్లతో గెలిచారు? అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో వర్గాల లెక్క ఎక్కడ తప్పుతుంది

సంక్షిప్తంగా: అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పోటీ హోరాహోరీగా సాగినప్పుడల్లా ‘ఫలానా వర్గమే గెలిపించింది’ అనే మాట వినిపిస్తుంది. ఆ వర్గంవారు ఎంతమంది, వారిలో ఓటేసినవారు ఎందరు, గతసారి కంటే మొగ్గు ఎంత మారింది, వాళ్లు ఏ రాష్ట్రంలో ఉంటారు అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. వాటిని ఒకటిగా కలిపేయడం వల్లే గందరగోళం. పైగా ఓటు రహస్యం కాబట్టి, వర్గాలవారీగా ప్రచారమయ్యే శాతాలన్నీ అంచనాలే.

537 ఓట్లు, అరడజను కారణాలు

2000 నవంబరు 7న ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల మంది ఓటేశారు. వారాల తరబడి లెక్కింపులు, కోర్టు వివాదాలు నడిచాక తేలిన తేడా 537 ఓట్లు. ఆ రాష్ట్రంతోపాటు అధ్యక్ష పదవీ రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి జార్జ్ డబ్ల్యూ. బుష్‌కు దక్కింది. ఇక ఆ 537కు కారణం ఎవరనే చర్చ మొదలైంది, ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు.

మయామీలోని క్యూబన్ అమెరికన్లు కారణమన్నారు కొందరు. ఎలియాన్ గొంజాలెజ్ అనే ఆరేళ్ల బాలుణ్ణి అదే ఏడాది ఏప్రిల్‌లో సాయుధ అధికారులు బంధువుల ఇంటినుంచి తీసుకువెళ్లారు. చివరికి అతడు తండ్రితో కలిసి క్యూబాకు తిరిగి వెళ్లాడు. డెమొక్రాట్ల ప్రభుత్వం మీద ఆ కోపం ఎన్నికల దాకా చల్లారలేదు. గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు వేసినవారు కారణమన్నారు మరికొందరు. ఆ రాష్ట్రంలో ఆయనకు 97 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. నేరాలకు శిక్షపడి ఓటుహక్కు పోయినవారి జాబితా అంటూ ఓటర్ల పట్టికనుంచి పేర్లు తీసేసినప్పుడు అందులో అర్హులైన నల్లజాతీయుల పేర్లు కూడా పోయాయన్నది ఇంకో వాదన.

పామ్ బీచ్ కౌంటీ బ్యాలట్ కథ వేరు. పెద్ద వయసువారికి అక్షరాలు పెద్దగా కనిపించాలని అక్కడ అభ్యర్థుల పేర్లను తెరిచిన పుస్తకంలా రెండు పేజీల్లో అచ్చువేసి, చిల్లులు పొడవాల్సిన వరుసను నడుమ పెట్టారు. ఎడమ పేజీలో డెమొక్రాట్ల అభ్యర్థి అల్ గోర్ పేరు రెండోది. రెండో చిల్లు మాత్రం కుడి పేజీలో మొదట ఉన్న రిఫార్మ్ పార్టీ అభ్యర్థి పాట్ బుకానన్‌ది. గోర్‌కు వేయాలంటే మూడోది పొడవాలి. యూదు విశ్రాంత ఉద్యోగులు పెద్దసంఖ్యలో ఉన్న ఆ కౌంటీలో, వాళ్లకు ఏమాత్రం గిట్టని బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి. ఒకటికి మించి చిల్లులు పొడిచినందుకు చెల్లకుండా పోయినవి మరో 19 వేలు.

ఈ కారణాల్లో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా దాని పరిమాణం 537 కంటే పెద్దది. కాబట్టి ప్రతిదీ ‘నిర్ణయాత్మకమే’. తేడా అంత తక్కువగా ఉన్నప్పుడు ఏ వర్గాన్ని పట్టుకున్నా లెక్క సరిపోతుంది. ఏది ఎంత ముఖ్యమో మాత్రం ఆ లెక్క చెప్పదు.

శాతం పెద్దది, ఓట్లు తక్కువ

వంద మంది ఓటేసే ఊరిని ఊహించుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. అక్కడ పెద్ద వర్గంలో 80 మంది, చిన్న వర్గంలో 8 మంది, మిగతావారు ఇతరులు. ఈసారి చిన్న వర్గంలో ఇద్దరు పార్టీ మారారు. ఒకరి ఖాతాలో రెండు తగ్గి, ఇంకొకరి ఖాతాలో రెండు పెరిగి, తేడా నాలుగు ఓట్లు జరిగింది. ఎనిమిదిలో ఇద్దరంటే పాతిక శాతం. మర్నాడు పత్రికల్లో అదే పతాక శీర్షిక. పెద్ద వర్గంలోనూ ఇద్దరే మారితే ఫలితం మీద ప్రభావం అక్షరాలా అంతే. కానీ 80లో ఇద్దరంటే రెండున్నర శాతం. సర్వేలో సహజంగా వచ్చే తప్పుల్లో అది కనిపించకుండా కలిసిపోతుంది.

2020లో జరిగింది ఇలాంటిదే. డొనాల్డ్ ట్రంప్‌కు లాటినోల్లో (లాటిన్ అమెరికా మూలాలవారిలో) ఓట్లు పెరిగాయన్నది అప్పట్లో పెద్ద వార్త, అది నిజం కూడా. అయినా ఆయన ఓడిపోయారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వేల సంస్థ అధ్యయనం ప్రకారం శ్వేతజాతి పురుషుల్లో ట్రంప్ ఆధిక్యం 2016లో 30 పాయింట్లు ఉండగా 2020లో 17కు పడిపోయింది. ఓటర్లలో శ్వేతజాతీయులే దాదాపు మూడింట రెండొంతులకు పైన ఉంటారు కాబట్టి, లాటినోల్లో వచ్చిన లాభాన్ని ఈ నష్టం మింగేసింది. శ్వేతజాతి పురుషుడు కొత్త వార్త కాదు గనుక ఆ సంగతి మీద చర్చ అంతగా జరగలేదు.

పోలింగ్ శాతం ఈ లెక్కను ఇంకా మారుస్తుంది. అమెరికాలో 65 ఏళ్లు దాటిన పౌరుల్లో దాదాపు ముప్పావు వంతు ఓటేస్తే, 18 నుంచి 24 ఏళ్లవారిలో సగానికి కాస్త తక్కువమందే వేస్తారు. 1980 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ పురుషుల కంటే మహిళల పోలింగ్ శాతమే ఎక్కువ. లాటినోల్లో వేసేవారు అటూ ఇటుగా సగం. ‘దేశంలో ఇంతమంది ఉన్నారు’ అన్న సంఖ్యకూ, పెట్టెలో పడే ఓట్లకూ మధ్య అంత దూరం ఉంది.

2024 ఫలితంలో ఈ రెండు అంశాలూ కలిసి పనిచేశాయి. 2020లో జో బైడెన్‌కు వచ్చిన 8.13 కోట్ల ఓట్లతో పోలిస్తే కమలా హారిస్‌కు వచ్చినవి సుమారు 62 లక్షలు తక్కువ. ట్రంప్‌కు 30 లక్షలకు పైగా పెరిగాయి. ప్యూ లెక్క ప్రకారం, 2020లో బైడెన్‌కు ఓటేసినవారిలో దాదాపు 15 శాతం ఈసారి ఓటే వేయలేదు, 5 శాతం ట్రంప్ వైపు వెళ్లారు. ట్రంప్ పాత ఓటర్లలో ఇంట్లో ఉండిపోయినవారు 11 శాతమే. గతసారి ఓటు వేయకుండా ఈసారి వేసినవారిలోనూ ట్రంప్‌కే మొగ్గు, 54 శాతానికి 42 శాతం. పోలింగ్ పెరిగితే డెమొక్రాట్లకు లాభమన్న పాత నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

ఎక్కడుంటారన్నదే అసలు సంగతి

అమెరికాలో అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది దేశం మొత్తం మీద పోలైన ఓట్లు కావు, రాష్ట్రాలవారీగా పంచిన 538 ఎలక్టోరల్ ఓట్లు. 270 వస్తే గెలుపు. మెయిన్, నెబ్రాస్కాలు తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం మొత్తం ఒకరికే. ఈ పద్ధతి వల్ల ఒకే వర్గం ఓటు ఒకచోట బంగారం, ఇంకోచోట ఇత్తడి.

2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశవ్యాప్తంగా 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియాల్లో కలిపి 77,744 ఓట్లు తక్కువై ఓడిపోయారు. 2020లో బైడెన్‌కు 70 లక్షల ఆధిక్యం ఉన్నా, అరిజోనాలో 10,457, జార్జియాలో 11,779, విస్కాన్సిన్‌లో 20,682 ఓట్ల తేడాతో బయటపడ్డారు. ఆ మూడు రాష్ట్రాలూ అటు పోయి ఉంటే చెరో 269తో సమానమయ్యేవారు. 2024లో ట్రంప్ 312, హారిస్ 226 అన్నది చూడటానికి ఏకపక్షంగా ఉంటుంది. నిజానికి దేశవ్యాప్త తేడా ఒకటిన్నర పాయింటు. విస్కాన్సిన్‌లో సుమారు 29 వేలు, మిషిగన్‌లో 80 వేలు, పెన్సిల్వేనియాలో లక్షా 20 వేలు.

కాలిఫోర్నియాలో లాటినోలు లక్షల్లో మొగ్గు మార్చుకున్నా ఎలక్టోరల్ ఓట్లలో ఒక్కటీ కదలదు. విస్కాన్సిన్ పల్లెల్లో డిగ్రీ లేని శ్వేతజాతీయులు రెండు శాతం అటూ ఇటూ అయితే శ్వేతసౌధంలో ఉండే మనిషే మారతాడు. అందుకే ఎటైనా మొగ్గగల ఏడు ‘స్వింగ్’ రాష్ట్రాల్లో ప్రకటనలు హోరెత్తుతుంటే, మిగతా దేశంలో ఎన్నికలు జరుగుతున్నట్టే ఉండదు.

స్టార్ కౌంటీ, డియర్‌బోర్న్: రెండు దగ్గరి దృశ్యాలు

టెక్సస్ దక్షిణ కొసన, రియో గ్రాండే నది ఒడ్డున స్టార్ కౌంటీ ఉంది. జనాభాలో నూటికి 97 మంది హిస్పానిక్, అంటే స్పానిష్ భాషా మూలాలవారు. నది దాటితే మెక్సికో. 2016లో క్లింటన్‌కు అక్కడ 79 శాతం ఓట్లు వస్తే ట్రంప్‌కు వచ్చింది 19. 2020లో బైడెన్ 52, ట్రంప్ 47. 2024లో ట్రంప్‌కు దాదాపు 58 శాతం. శతాబ్దానికి పైగా రిపబ్లికన్ అభ్యర్థిని గెలిపించని కౌంటీ అది.

వలసల మీద అంత కటువుగా మాట్లాడే అభ్యర్థికి సరిహద్దు హిస్పానిక్‌లు ఓటేయడం బయటివారికి వింతగా తోచింది. దగ్గరగా చూస్తే వింత తగ్గుతుంది. అక్కడి కుటుంబాల్లో చాలావరకు తరాలుగా అమెరికా పౌరులు. చమురు, గ్యాస్ క్షేత్రాల్లో పనిచేసేవారు, సరిహద్దు గస్తీ దళంలో ఉద్యోగులు ఆ నదీ లోయ అంతటా ఉంటారు. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరినప్పుడు పెట్రోలు, సరకుల ధరల భారం తక్కువ ఆదాయమున్న ఇలాంటి ఊళ్ల మీదే ఎక్కువ పడింది. ‘లాటినో’ అన్న పేరు జనగణన పత్రంలో ఒక గడి. మయామీ క్యూబన్, లాస్ ఏంజెలెస్‌కు నిన్న మొన్న వచ్చిన గ్వాటెమాలా వలసదారు, స్టార్ కౌంటీ రైతు మనవడు ముగ్గురూ ఆ గడిలోనే పడతారు. ముగ్గురినీ కలిపే రాజకీయ ప్రయోజనం ఏదీ లేదు.

రెండోది మిషిగన్‌లోని డియర్‌బోర్న్. ఫోర్డ్ కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న ఈ నగరంలో సగానికి పైగా జనం అరబ్ మూలాలవారు. గాజా యుద్ధంలో అమెరికా వైఖరి మీద ఆగ్రహంతో అక్కడి ఓటు చీలిపోయింది. ట్రంప్‌కు 42 శాతం, హారిస్‌కు 36, గ్రీన్ పార్టీ అభ్యర్థి జిల్ స్టైన్‌కు 18. నాలుగేళ్ల ముందు బైడెన్‌కు అక్కడ 17 వేలకు పైగా ఆధిక్యం ఉంది. ఇప్పుడు ట్రంప్‌కు సుమారు 2,600. అంటే నికరంగా 20 వేల ఓట్ల మార్పు.

‘డియర్‌బోర్న్ వల్లే మిషిగన్ పోయింది’ అని రాసినవారు రెండో లెక్క వేయలేదు. 2020లో మిషిగన్‌ను బైడెన్ లక్షా 54 వేల ఓట్లతో గెలిచారు, 2024లో హారిస్ 80 వేలతో ఓడారు. మొత్తం మార్పు 2 లక్షల 34 వేలు. అందులో డియర్‌బోర్న్ వాటా పదో వంతు కూడా కాదు. ఆ ఊరు పాత తీరులోనే ఓటేసి ఉన్నా రాష్ట్రం చేజారేదే. మార్పు అక్కడ కొట్టొచ్చినట్టు కనిపించింది, అంతే.

మహిళలు, చదువు, జాతి: ఒకదానిలో ఒకటి

2022లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టివేశాక, 2024లో మహిళలు డెమొక్రాట్లకు గంపగుత్తగా వేస్తారని విస్తృతంగా అంచనా వేశారు. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం మహిళల్లో హారిస్ ఆధిక్యం 8 పాయింట్లు. 2020లో బైడెన్‌కు ఉన్నది 15. అంటే తగ్గింది. శ్వేతజాతి మహిళల్లో సగానికి పైగా ట్రంప్‌కే వేశారు. నల్లజాతి మహిళల్లో నూటికి తొంభై మంది హారిస్‌కు వేశారు. ‘మహిళా ఓటు’ అన్నది ఈ రెండింటి సగటు, ఏ ఒక్కరినీ సరిగా వర్ణించని సగటు.

అరిజోనా ఫలితం ఇంకా ఆసక్తికరం. గర్భస్రావ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనకు అక్కడ 61 శాతానికి పైగా మద్దతు వచ్చింది. అదే రోజు అదే ఓటర్లు ట్రంప్‌నూ గెలిపించారు. సమస్య మీద అభిప్రాయం ఒకటి, అధ్యక్షుడి ఎంపిక ఒకటి అన్న ఓటర్లు గణనీయంగానే ఉన్నారన్నమాట.

ఇప్పుడు జాతి తర్వాత బలంగా విడదీసే గీత చదువు. 1990లలో శ్వేతజాతి పట్టభద్రులు ఎక్కువగా రిపబ్లికన్ల వైపు, కార్మిక సంఘాల్లోని ఫ్యాక్టరీ కార్మికులు డెమొక్రాట్ల వైపు ఉండేవారు. ఫ్యాక్టరీలు మూతపడి సంఘాలు బలహీనపడటం, చదువుకున్నవారు నగరాల చుట్టూ పోగుపడటం, రాజకీయ చర్చ వేతనాలనుంచి సంస్కృతి మీదికి మళ్లడం కలిసి ఆ గీతను తలకిందులు చేశాయి. 2024లో డిగ్రీ ఉన్నవారిలో సుమారు 55 శాతం హారిస్‌కు, లేనివారిలో 56 శాతం ట్రంప్‌కు వేశారని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. దేశంలో డిగ్రీ లేనివారే ఎక్కువ.

వర్గాల మొగ్గు ఇలా మారడం కొత్తేమీ కాదు. 1960లో కూడా రిపబ్లికన్ అభ్యర్థి రిచర్డ్ నిక్సన్‌కు నల్లజాతీయుల్లో దాదాపు మూడో వంతు ఓట్లు పడ్డాయి. 1964లో డెమొక్రాట్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పౌరహక్కుల చట్టం మీద సంతకం చేశారు, ఆయన రిపబ్లికన్ ప్రత్యర్థి బారీ గోల్డ్‌వాటర్ సెనేట్‌లో దానికి వ్యతిరేకంగా ఓటేశారు. ఆ నవంబరులో జాన్సన్‌కు నల్లజాతి ఓట్లలో 94 శాతం వచ్చింది. అంత గట్టి కట్టు కూడా ఇప్పుడు అంచుల్లో వదులవుతోంది: ప్యూ ప్రకారం 2020లో ట్రంప్‌కు 8 శాతమున్న నల్లజాతి మద్దతు 2024లో 15కు చేరింది.

ఈ శాతాలు ఎవరు లెక్కపెట్టారు?

బ్యాలట్ మీద జాతి, చదువు, ఆదాయం రాసి ఉండవు. ఎన్నికల రాత్రి టీవీ తెరల మీద కనిపించే అంకెలు ఎక్కువగా ఎడిసన్ రీసెర్చ్ ప్రధాన చానళ్ల కోసం చేసే ఎగ్జిట్ పోల్స్‌వి. ఓటేసి బయటికొచ్చేవారి చేతికి ప్రశ్నపత్రం ఇస్తారు. ముందే ఓటేసినవారిని ఫోన్‌లోనూ ఇతర మార్గాల్లోనూ అడుగుతారు. ఆ తర్వాత అసలు ఫలితానికి సరిపోయేలా అంకెలను సర్దుతారు. ప్రశ్నపత్రం నింపడానికి ఎవరు నిలబడతారు, ఎవరు తలవంచుకుని కారెక్కి వెళ్లిపోతారు అన్నచోటే మొదటి తప్పు దొర్లుతుంది.

2016 దీనికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. శ్వేతజాతి మహిళల్లో 52 శాతం ట్రంప్‌కు వేశారని ఎగ్జిట్ పోల్ చెప్పింది. ఆ అంకె మీద ఎన్నో వ్యాసాలు వచ్చాయి. తర్వాత ప్యూ సంస్థ, సర్వేలో మాట్లాడినవారు నిజంగా ఓటేశారా లేదా అన్నది ఓటరు రికార్డులతో సరిపోల్చి చూస్తే ట్రంప్ 47, క్లింటన్ 45 అని తేలింది. ఓటర్లలో సగంమంది పట్టభద్రులని ఎగ్జిట్ పోల్ అంటే, ప్యూ లెక్కలో వాళ్లు 37 శాతమే. ఆ ఏడాది చాలా రాష్ట్రాల ఎన్నికల ముందు సర్వేలు కూడా చదువుకున్నవారిని ఎక్కువగా పట్టుకుని, ఆ వంకరను సరిదిద్దకుండానే క్లింటన్ గెలుపు ఖాయమన్నాయి.

2024 లాటినో ఓటు మీద ఎగ్జిట్ పోల్ ట్రంప్‌కు 46 శాతం అంటే, ప్యూ 48 అంది. తేడా చిన్నదే. దిశ విషయంలో అన్నీ ఏకీభవించాయి, స్టార్ కౌంటీ లాంటి చోట్ల నిజంగా లెక్కపెట్టిన ఓట్లూ అదే చెప్పాయి. అలా రెండు మూడు దారుల్లో ఒకే సంగతి తేలితే నమ్మవచ్చు. ఒక్క సర్వేలోని ఒక్క గడిలో కనిపించినదాన్ని కాదు. ప్రాంతీయ ఫలితాలను చూసి వ్యక్తుల సంగతి చెప్పడంలోనూ గొయ్యి ఉంది: ఒక కౌంటీలో ఒక వర్గంవారు ఎక్కువగా ఉండి, అక్కడ ఒక పార్టీకి ఓట్లు పెరిగితే, ఆ పెరుగుదల ఆ వర్గం నుంచే వచ్చిందని కచ్చితంగా చెప్పలేం. నూటికి 97 మంది ఒకే వర్గమైన స్టార్ కౌంటీలో ఆ సందేహానికి చోటు తక్కువ. ఇతర చోట్ల ఎక్కువ. కులాలవారీగా ఓట్లు పంచి చూపే పట్టికలకు అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఈ ఇబ్బంది పరిచయమే.

‘తెలుగు ఓట్లే కీలకం’ అన్న శీర్షిక

2024లో ఈ శీర్షిక తెలుగు మాధ్యమాల్లో తరచూ కనిపించింది. ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి మూలాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉండటం దానికి ఊపునిచ్చింది. లెక్క మాత్రం అంత సూటిగా లేదు.

ఓటు పౌరులకే. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి లేదు, గ్రీన్‌కార్డు ఉన్నా లేదు. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడాదికి 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. కార్డు వచ్చాక పౌరసత్వానికి దరఖాస్తు చేయడానికి సాధారణంగా మరో ఐదేళ్లు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఒక తెలుగింట్లో దంపతులు వీసా మీద, తల్లిదండ్రులు సందర్శకులుగా, అక్కడే పుట్టిన పిల్ల పౌరురాలైనా ఇంకా బడిలోనే ఉంటే ఆ ఇంటినుంచి పడే ఓట్లు సున్నా. టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాలు స్వింగ్ రాష్ట్రాలూ కావు. అట్లాంటా శివార్లు, మిషిగన్‌లోని నోవై, ట్రాయ్, నార్త్ కరోలినాలోని క్యారీ సంగతి వేరు. 11,779 ఓట్లతో తేలిన 2020 జార్జియా వంటి పోటీలో అలాంటి శివార్ల బరువు నిజంగానే పెరుగుతుంది. అయితే అక్కడ ఆ మాట తెలుగువారికి ఎంత నిజమో, కొరియన్లకూ, తొలిసారి ఓటేసిన విద్యార్థులకూ అంతే నిజం.

భారతీయ అమెరికన్ల మొగ్గు గురించి నమ్మదగిన సమాచారం కార్నెగీ అనే పరిశోధన సంస్థ సర్వేల్లో దొరుకుతుంది. 2024 ఎన్నికల ముందు వారు అడిగినప్పుడు హారిస్‌కు 61 శాతం, ట్రంప్‌కు 32 శాతం మొగ్గు చూపారు. తమను డెమొక్రాట్లుగా చెప్పుకునేవారు 2020లో 56 శాతం ఉంటే 47కు తగ్గారు. నలభై దాటినవారిలో స్త్రీలూ పురుషులూ హారిస్ వైపే బలంగా ఉన్నారు. నలభై లోపు పురుషుల్లో మాత్రం ట్రంప్‌దే స్వల్పంగా పైచేయి. లాటినో, నల్లజాతి యువకుల్లో కనిపించిన ధోరణే ఇక్కడా కనిపించిందని చాలామంది రాశారు. కావచ్చు. కానీ ఆ సర్వేలో మాట్లాడిన మొత్తం పౌరులు 714 మంది. వారిలో నలభై లోపు పురుషులు ఒక చిన్న భాగం, ఆ భాగంలో తెలుగువారు ఇంకా చిన్న భాగం. అట్లాంటా శివార్లలో తెలుగు కుర్రాడు ఎవరికి ఓటేశాడో ఆ 714 జవాబులనుంచి తేల్చడం కుదరదు.